కారు హెడ్‌లైట్లు కొట్టుకుంటున్నాయా? లోపం ఎక్కడుందో ఇంట్లోనే పట్టుకునే పద్ధతి

హెడ్‌లైట్ మినుకుమినుకుమనగానే చాలామంది ముందు కొత్త బల్బు కొంటారు. తగ్గకపోతే ఇంకాస్త ఖరీదైన బల్బు కొంటారు. మామూలుగా హాలోజన్ బల్బు అయితే వెలుగుతుంది, లేదంటే మాడిపోతుంది. తెగిన ఫిలమెంటు మళ్లీ మళ్లీ తగులుకుంటూ కొట్టుకోవడం జరగొచ్చు గానీ, అది అరుదు. కొట్టుకునే లైటు వెనక తరచూ కనిపించేవి వదులైన బ్యాటరీ టెర్మినల్, తుప్పు పట్టిన ఎర్త్ (నెగెటివ్ వైరును కారు బాడీకి బిగించిన చోటు), వేడికి కాలిన బల్బు హోల్డర్, ఎలుక కొరికిన వైరు. వీటిని కొన్ని వందల రూపాయల మల్టీమీటరుతో, ఒక ఆదివారం పొద్దున, మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే పట్టుకోవచ్చు. ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి: వైరింగ్ కొలతలన్నీ లైటు వెలుగుతున్నప్పుడే తీయాలి. బల్బు పీకేసి వైరు చివర కొలిస్తే పాడైన జాయింటు దగ్గర కూడా 12.5 వోల్టులు నిక్షేపంగా కనిపిస్తాయి. నాలుగైదు ఆంపియర్ల కరెంటు ఆ జాయింటు గుండా పారుతున్నప్పుడే దాని బండారం బయటపడుతుంది.

ఈ పని వాయిదా వేసేది కాదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు వెళ్తుంది. రెండు లైట్లూ ఒక్క సెకను ఆరితే అంత దూరం గుడ్డిగా వెళ్లినట్టే. ఈరోజు కొట్టుకుంటున్న జాయింటు రేపు పూర్తిగా తెగిపోవచ్చు. కాబట్టి సరిచేసేదాకా రాత్రి ప్రయాణాలు మానుకోండి.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా హెచ్4, హెచ్7 హాలోజన్ బల్బులున్న కార్లకు. కంపెనీ బిగించిన ఎల్ఈడీ లైట్లు ఫోన్ వీడియోలోనో డ్యాష్‌క్యామ్‌లోనో మాత్రమే కొట్టుకుంటూ కనిపించి, కంటికి నిలకడగా ఉంటే అది లోపమే కాదు. ఆ లైట్లు సెకనుకు వందల సార్లు ఆరి వెలుగుతుంటాయి. కన్ను పట్టుకోలేనిది కెమెరా పట్టుకుంటుంది, అంతే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

డిజిటల్ మల్టీమీటరు, 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్, 10 నంబరు స్పానర్, సన్నటి ఎమరీ పేపర్, పాత టూత్‌బ్రష్, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, వంట సోడా, వాజలీన్. వైరు పని చేయాల్సి వస్తే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు రెండు మీటర్లు, 6 మిల్లీమీటర్ల రంధ్రమున్న థింబుల్స్ (వైరు చివర నొక్కి బోల్టుకు బిగించే లోహపు రింగులు) నాలుగు, హీట్ ష్రింక్ స్లీవ్, మధ్యలో 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టుకునే ఫ్యూజ్ హోల్డరు ఒకటి. హోల్డర్లు, రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే విద్యుత్ స్విచ్‌లు), థింబుల్స్ హైదరాబాద్‌లో అయితే రాణిగంజ్‌లోనో పుత్లీబౌలిలోనో ఆటో స్పేర్స్ షాపుల్లో దొరుకుతాయి. స్లీవులు, సోల్డరింగ్ సామాను, మీటర్లకు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి.

మల్టీమీటరు ఉంటే టెస్ట్ ల్యాంప్ ఎందుకని అనిపించవచ్చు. చవక మీటరు సెకనుకు రెండు మూడు సార్లు మాత్రమే అంకె మారుస్తుంది. కన్నుమూసి తెరిచేంతలో తెగి అతుక్కునే జాయింటును అది చూడలేదు. టెస్ట్ ల్యాంప్ అయితే వైరు కదిపిన క్షణంలోనే మిణుక్కుమంటుంది. వదులు జాయింటును వెతకడానికి ల్యాంపు, అది ఎంత వోల్టేజ్ తినేస్తోందో తెలుసుకోవడానికి మీటరు.

మొదలుపెట్టేముందు ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. హ్యాండ్ బ్రేక్ వేసి గేరు న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెట్టండి. రేడియేటర్ ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది, వేళ్లు దూరంగా ఉంచండి. మూసి ఉన్న సెల్లార్‌లో ఇంజన్ ఎక్కువసేపు ఆన్‌లో ఉంచకండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. ఇంజన్‌తో చేసే పరీక్షలు ర్యాంపు దగ్గరో, బయటో చేయండి.

ముందు లైటు ఎలా కొట్టుకుంటోందో చూడండి

గోడకు మూడు మీటర్ల దూరంలో కారు నిలిపి, రెండు వెలుగుల మచ్చలూ గోడ మీద విడివిడిగా పడేలా చూసుకోండి. సాయంత్రమైతే మేలు. ఇంజన్ ఆపి ఉండగా లో బీమ్ వేసి రెండు నిమిషాలు గమనించండి. కొన్ని కార్లలో దీనికి ఇగ్నిషన్ ఆన్ చేయాలి. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి ఐడిలింగ్‌లో చూడండి. యాక్సిలరేటర్ తొక్కి 2000 ఆర్‌పీఎం దగ్గర చూడండి. ఏసీ, వెనక అద్దం డీఫాగర్ ఉంటే అదీ ఆన్ చేసి చూడండి. చివరగా ఇంకొకర్ని సీట్లో కూర్చోబెట్టి, మీరు బోనెట్ ఎత్తి హెడ్‌లైట్ పెట్టెను అరచేత్తో మెల్లగా తట్టండి. వెనకున్న వైర్లను ఒక్కొక్కటిగా కదపండి. బల్బు వెనక తగిలించే కప్లర్ (వైర్ల ప్లగ్గు, హోల్డరు అన్నా ఇదే) వేడిగా ఉంటుంది, జాగ్రత్త.

ఒకవైపు లైటే కొట్టుకుంటుంటే లోపం ఆ వైపు బల్బు, హోల్డరు, వైరు, ఎర్త్, ఫ్యూజుల్లో ఉంది. బ్యాటరీని, ఆల్టర్నేటర్‌ను (ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని చార్జి చేసేది) అనుమానించాల్సిన పనే లేదు. రెండూ ఒకేసారి కొట్టుకుంటూ డ్యాష్‌బోర్డు లైట్లు, లోపలి లైటు కూడా వాటితోపాటే తగ్గి పెరుగుతుంటే బ్యాటరీ టెర్మినల్స్, మెయిన్ ఎర్త్, చార్జింగ్ చూడాలి. రెండు హెడ్‌లైట్లే కొట్టుకుంటూ మిగతావన్నీ నిలకడగా ఉంటే రిలే, స్టీరింగ్ దగ్గరి కాంబినేషన్ స్విచ్, లేదా రెండింటికీ కలిపి ఉన్న ఎర్త్. లో బీమ్ కొట్టుకుని హై బీమ్ బాగుంటే స్విచ్ మీదో, లో బీమ్ రిలే మీదో అనుమానం పెంచుకోండి. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినప్పుడే వస్తుంటే అది కచ్చితంగా ఏదో ఒక వదులు. ఏసీ కంప్రెసర్ పట్టుకున్న క్షణంలో లైటు ఒక్కసారి కొద్దిగా తగ్గి మళ్లీ సర్దుకోవడం మామూలే, దాని వెంట పడకండి.

బ్యాటరీ, టెర్మినల్స్

ఒకవైపు లైటే కొట్టుకుంటున్నా ఈ భాగం దాటేయకండి. ఐదు నిమిషాల పనే, పైగా తర్వాతి కొలతలన్నిటికీ ఇదే ఆధారం.

రాత్రంతా కారు వాడకుండా ఉంచి పొద్దున్నే కొలవండి. 12.6 వోల్టులంటే పూర్తి చార్జి, 12.4 అయితే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 వోల్టుల కంటే కిందికి పడితే బ్యాటరీ బలహీనపడిందన్నమాట. హైదరాబాద్ ఎండల్లో మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీని ఎలాగూ అనుమానించాల్సిందే. మూతలున్న బ్యాటరీ అయితే ఏప్రిల్, మే నెలల్లో ప్రతి రెండు వారాలకోసారి నీటి మట్టం చూసి గీత దాకా డిస్టిల్డ్ వాటర్ పోయండి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు పనికిరావు.

టెర్మినల్‌ను చేత్తో తిప్పి చూడండి. ఏ కొంచెం కదిలినా వదులే. తెల్లగా, ఆకుపచ్చగా పొడి పేరుకుని ఉంటే ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్ విప్పండి. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో ఒక టేబుల్ స్పూను వంట సోడా కలిపి టూత్‌బ్రష్‌తో రుద్దండి. మూతలున్న బ్యాటరీ అయితే ఆ నీళ్లు లోపలికి పోకుండా చూడండి. మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, పోస్టునూ క్లాంపు లోపలి వైపునూ లోహం మెరిసేదాకా ఎమరీతో గీకండి. ఇప్పుడు ముందు పాజిటివ్, చివర్లో నెగెటివ్ బిగించి, పైన పలుచగా వాజలీన్ రాయండి. వాజలీన్ బిగించిన తర్వాతే. బ్యాటరీ విప్పితే గడియారం, కొన్ని కార్లలో ఆటో పవర్ విండో సెట్టింగ్ పోతాయి, మళ్లీ పెట్టుకోవాలి.

శుభ్రం చేశాక హెడ్‌లైట్లు వేసి, మీటరు ఒక పుల్ల (ప్రోబ్) బ్యాటరీ పోస్టు మీద, రెండోది ఆ పోస్టుకు బిగించిన క్లాంపు మీద పెట్టండి. 0.1 వోల్టు కంటే తక్కువ చూపాలి. ఎక్కువ చూపితే పైకి ఎంత మెరుస్తున్నా ఆ జాయింటు సరిగా లేనట్టే, మళ్లీ విప్పండి.

చార్జింగ్

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. హెడ్‌లైట్లు, ఏసీ, బ్లోయర్ అన్నీ ఆన్ చేశాక కూడా 13.5 దాకా నిలబడాలి. ఐడిలింగ్‌లో లైట్లు మందగించి, యాక్సిలరేటర్ తొక్కగానే వెలిగిపోతున్నాయంటే ఆల్టర్నేటర్ బ్రష్‌లు అరిగాయో, బెల్టు జారుతోందో చూడాలి. తడి పొద్దుల్లో స్టార్ట్ చేయగానే కీచుమనే శబ్దం బెల్టుదే. దాని అంచులు పీచులు లేచినా, లోపలి వైపు అద్దంలా మెరుస్తున్నా మార్చాలి. వోల్టేజ్ 15 దాటితే రెగ్యులేటర్, మెకానిక్‌లు కటౌట్ అనేది, పోయినట్టు. అలాంటప్పుడు బల్బులు కూడా వరసగా మాడతాయి. స్మార్ట్ హైబ్రిడ్ కార్లలో, ఇంకొన్ని కొత్త కార్లలో కంప్యూటరే చార్జింగును పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి అంకె కాస్త అటూ ఇటూ మారినా కంగారుపడొద్దు. హెడ్‌లైట్లు వేసి ఉంచి చూడండి.

ఆల్టర్నేటర్ లోపలి డయోడు పోయినా కొత్త ఎల్ఈడీ బల్బులు వణుకుతాయి. ఇంజన్ నడుస్తుండగా మీటరును ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల మీద పెట్టి బ్యాటరీ మీద కొలిస్తే 0.1 లోపు ఉండాలి. 0.5 దాటితే డయోడు అనుమానమే. కాకపోతే పసుపు రంగు చవక మీటర్లలో చాలావాటికి ఏసీ కింద 200 వోల్టుల స్కేలే అన్నిటికంటే చిన్నది. డీసీ బ్యాటరీ మీద అవి పాతికో ముప్పయ్యో చూపించి బెదరగొడతాయి. పుల్లలు తారుమారు చేసి చూడండి. అంకె సున్నాకు పడిపోతే మీ మీటరు ఈ పరీక్షకు పనికిరాదు.

ఇంకో మాట. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి డైనమో, అంటే ఆల్టర్నేటర్, బాగుందో లేదో చూసే అలవాటు కొందరు మెకానిక్‌లకు ఇంకా ఉంది. మీ కారు మీద ఎవర్నీ అలా చేయనివ్వకండి. ఆ క్షణంలో వోల్టేజ్ ఒక్కసారిగా ఎగబాకి ఇంజన్ కంప్యూటర్‌నే కాల్చేయగలదు. ఆల్టర్నేటర్ పోయిందని తేలినా మొత్తం మార్చేయకముందు ఆటో ఎలక్ట్రీషియన్‌తో బ్రష్‌లు, కటౌట్ చూపించండి. చాలాసార్లు వాటితోనే సరిపోతుంది.

బల్బు, హోల్డరు

లైట్లు ఆపి పది నిమిషాలు చల్లారనివ్వండి. వెనక రబ్బరు మూత తీసి, కప్లర్‌ను వైర్లు పట్టుకుని లాగకుండా దాని ప్లాస్టిక్ పట్టుకుని అటూ ఇటూ మెల్లగా ఆడిస్తూ బయటికి తీయండి. ఇక్కడ తీరిగ్గా చూడండి. హెచ్4 కప్లర్‌లో మూడు రేకులు పట్టే గాడులుంటాయి. తెల్లటి ప్లాస్టిక్ ఒక గాడి చుట్టూ మాత్రమే గోధుమ రంగుకు తిరిగి, అంచు కరిగి వంగి ఉందంటే లోపలి రేకు పట్టు వదిలేసింది. పట్టు వదిలితే తాకే చోటు తగ్గుతుంది, తాకే చోటు తగ్గితే వేడి పుడుతుంది, ఆ వేడికి రేకు ఇంకా మెత్తబడి ఇంకా వదులవుతుంది. 55 వాట్ల బల్బు దాదాపు 4.6 ఆంపియర్లు లాగుతుంది. రేకు దగ్గర ఓమ్‌లో పదో వంతు అడ్డు పుట్టినా అర వోల్టు అక్కడే పోయి, రెండు వాట్ల వేడి ఆ చిన్న ముక్కలో పోగవుతుంది. ప్లాస్టిక్ కరిగేది అందుకే.

రంగు మారకుండా కొంచెం వదులు మాత్రమే ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, బల్బు కాళ్లను ఎమరీతో తుడిచి, కప్లర్ లోపలి రేకుల అంచులను సన్నటి స్క్రూడ్రైవర్‌తో కాస్త దగ్గరికి నొక్కండి. కప్లర్ మళ్లీ పెడుతున్నప్పుడు గట్టిగా దిగాలి. కాలిన గుర్తు ఉంటే మాత్రం శుభ్రం చేయడం దండగ. సిరామిక్ హోల్డరు కొని పూర్తిగా మార్చండి. పాత వైరును కాలిన చోటు దాటి, లోపలి రాగి ఎర్రగా మెరిసే చోటు దాకా కోయండి. రాగి నల్లబడి ఉంటే ఇంకా వెనక్కి వెళ్లండి, నల్లటి రాగికి సీసం అంటదు. ఒక్కో వైరూ కోసి అతికాకే రెండోది కోయండి, లేకపోతే లో బీమ్, హై బీమ్ తారుమారవుతాయి. మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు, సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి. కారు వారంటీలో ఉంటే వైర్లు కోయకుండా సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లండి.

హోల్డరు కాలడానికి పెద్ద కారణం ఎక్కువ వాట్ల బల్బులు. హెచ్4కు కంపెనీ ఇచ్చేది 60/55 వాట్లు, అంటే హై బీమ్‌కు 60, లో బీమ్‌కు 55. వెలుగు చాలదని 100/90 పెడితే హై బీమ్‌లో ఒక్కోటి ఎనిమిది ఆంపియర్లకు పైగా లాగుతుంది. కంపెనీ వైరింగ్‌కు, స్విచ్‌కు ఆ బరువు ఎక్కువ. పైగా వాటిని రోడ్డు మీద వాడకూడదు, ఎదుటివాళ్ల కళ్లు బైర్లు కమ్ముతాయి. వెలుగు చాలకపోవడానికి అసలు కారణం తరచూ వోల్టేజ్ తక్కువగా చేరడమే. హాలోజన్ బల్బుకు వోల్టేజ్ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. జాయింట్లు బాగుచేస్తే ఆ పాత 55 వాట్ల బల్బే కొత్తగా వెలుగుతుంది.

బల్బు గాజును వేళ్లతో ముట్టుకోకండి. చేతి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. పొరపాటున తగిలితే స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి.

ఎర్త్: ఎక్కువ లోపాలు దొరికే చోటు

కారులో నెగెటివ్ వైరు ప్రతి బల్బు నుంచి బ్యాటరీ దాకా రాదు. దగ్గర్లో ఉన్న బాడీ రేకుకు ఒక బోల్టుతో బిగిస్తారు, అక్కణ్నుంచి బాడీయే నెగెటివ్. హెడ్‌లైట్ వెనకో, పక్కనున్న ఫెండర్ లోపలో, రేడియేటర్ పైన అడ్డంగా ఉన్న పట్టీ మీదో ఒకటి రెండు నల్ల వైర్లు కలిసే బోల్టు కోసం చూడండి. వానాకాలంలో నీళ్లు నిలిచిన రోడ్ల మీద తిరిగే కార్లకు ఈ బోల్టే ముందు దెబ్బతింటుంది. చక్రం చిమ్మే బురదనీళ్లు నేరుగా ఇక్కడికే చేరతాయి. వరదలో మునిగి తేలిన కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారు మిగతా అన్నిటికంటే ముందు ఇవే విప్పి చూడాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. కప్లర్ బల్బుకు తగిలించి, లో బీమ్ వెలిగించండి. కప్లర్ వెనక నుంచి, వైరు లోపలికి వెళ్లే సందులోకి మీటరు పుల్లను గానీ గుండుసూదిని గానీ దూర్చి రేకును తాకించండి. వైరు తొడుగును గుచ్చొద్దు, ఆ రంధ్రంలోంచి తేమ దూరి తర్వాత కొత్త తుప్పు మొదలవుతుంది. పక్కపక్క పిన్నులు సూదులతో ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి.

మొదటి కొలత, బల్బుకు వెలుగునిస్తున్న రెండు పిన్నుల మధ్య. అదే సమయంలో బ్యాటరీ మీద ఉన్న వోల్టేజ్‌తో పోల్చండి. తేడా 0.7 లోపు ఉంటే ఆ వైపు వైరింగ్ బాగుంది. బ్యాటరీ 12.4 చూపుతుంటే బల్బు దగ్గర 10.9 వస్తోందనుకోండి, ఒకటిన్నర వోల్టు దారిలో ఎక్కడో పోతోంది. ఎటువైపు పోతోందో తేల్చాలి. మీటరు నల్ల పుల్ల బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద, ఎర్ర పుల్ల బల్బు నెగెటివ్ పిన్ను మీద పెట్టండి. మంచి ఎర్త్ అయితే 0.2 లోపు ఉంటుంది. తర్వాత ఎర్ర పుల్ల బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల పుల్ల బల్బు పాజిటివ్ పిన్ను మీద. ఇక్కడ 0.5 లోపు రావాలి, ఒక వోల్టు దాటితే పని చేయాల్సిందే. ఏ వైపు అంకె ఎక్కువో లోపం ఆ వైపే. అంకె నిలకడగా లేకుండా ఎగిరెగిరి పడుతుంటే ఆ స్థితిలోనే వైరు పొడవునా మెల్లగా కదుపుతూ రండి, ఏ చోట చేయి పడ్డప్పుడు అంకె దూకుతుందో అక్కడే తెగుడు.

ఒక మెలిక ఉంది. కొన్ని కార్లలో హెడ్‌లైట్ స్విచ్ పాజిటివ్‌ను కాకుండా నెగెటివ్‌ను తెంపి కలుపుతుంది. అలాంటి కారులో హెచ్4 ఎర్త్ పిన్ను అని మీరనుకున్న చోటే 12 వోల్టులు కనిపించి తికమకపెడుతుంది. అందుకే పిన్ను రంగును, స్థానాన్ని నమ్మకుండా, లైటు వెలుగుతుండగా బ్యాటరీ నెగెటివ్‌కు దగ్గరి వోల్టేజ్ ఏ పిన్ను చూపుతుందో అదే నెగెటివ్ అనుకోండి. ఈ కార్లలో నెగెటివ్ దారిలో స్విచ్చో రిలేనో కూడా ఉంటుంది కాబట్టి 0.2 బదులు 0.5 దాకా సరే అనుకోవచ్చు.

ఎర్తే అని అనుమానం వస్తే నిర్ధారణ సులువు. ఫ్యూజ్ హోల్డరు కలిపిన వైరును బ్యాటరీ నెగెటివ్ నుంచి ఆ ఎర్త్ బోల్టు మీది థింబుల్‌కు తాకించండి. కొట్టుకోవడం ఆగి, లైటు తెల్లబడితే దోషి దొరికినట్టే. పొరపాటున పాజిటివ్‌కు తగిలినా ఫ్యూజు పోయి మీరు బతికిపోతారు, అందుకే ఫ్యూజు లేని వైరుతో ఈ పని చేయొద్దు.

బాగుచేసేటప్పుడు బోల్టు విప్పి థింబుల్ వెనక వైపు చూడండి. పైకి శుభ్రంగా ఉండి, కింద బాడీ పెయింటు మీద కూర్చున్న థింబుల్స్ తరచూ కనిపిస్తాయి, యాక్సిడెంట్ అయ్యి పెయింటు వేయించిన కార్లలో మరీ ఎక్కువ. రేకు మీద రూపాయి బిళ్లంత మేర పెయింటు, తుప్పు పోయి లోహం మెరిసేలా గీకండి. థింబుల్‌ను కూడా రెండువైపులా గీకండి. వైరు థింబుల్‌లోకి నొక్కిన చోట ఆకుపచ్చ పొడి ఉంటే గీకి లాభం లేదు, కోసి కొత్త థింబుల్ వేయండి. బిగించాక పైన వాజలీన్ రాయండి. పెయింటు పోయిన చుట్టుపక్కల కూడా రాయకపోతే రెండు వానాకాలాల్లో మళ్లీ ఇదే కథ.

బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే లావు ఎర్త్ పట్టీలను కూడా ఇలాగే కొలవండి. రెండు లైట్లూ, డ్యాష్‌బోర్డూ కలిసి కొట్టుకునే కార్లలో ఇవే దొరుకుతుంటాయి.

ఫ్యూజు, రిలే, స్విచ్

లోపం పాజిటివ్ వైపని తేలితే ముందు ఫ్యూజ్ పెట్టె. హెడ్‌లైట్ ఫ్యూజు పీకి కాళ్లు చూడండి, ఒక కాలు మాత్రం నీలంగానో నల్లగానో మారి ఉంటే పెట్టె లోపలి రేకు వదులైంది. కొత్త ఫ్యూజు అంతే ఆంపియర్లది పెట్టండి. 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు. తరచూ పోతోందని పెద్దది వేస్తే తర్వాత కాలేది వైరే.

రిలేను పరీక్షించే సులువు మార్గం అదే నంబరున్న హారన్ రిలేతో తారుమారు చేయడం. పైన రాసిన నంబరు, కాళ్ల అమరిక రెండూ ఒకటే ఉండాలి. లోపం మాయమైతే కొత్త రిలే కొనండి. రిలే టకటకమని కొట్టుకుంటుంటే మాత్రం ఆగి ఆలోచించండి. దాని కాయిలుకు అందే వోల్టేజో ఎర్తో తక్కువైనా అలాగే కొట్టుకుంటుంది. బాడీ కంట్రోల్ మాడ్యూలే (లైట్లు వంటివి చూసుకునే కారు కంప్యూటర్) లైట్లను నడిపే కొత్త కార్లలో విడి రిలే ఉండకపోవచ్చు, అక్కడ చేయి పెట్టకండి.

పాత చిన్న కార్లలో చాలావాటికి హెడ్‌లైట్ రిలేనే లేదు. కరెంటంతా కాంబినేషన్ స్విచ్ సన్నటి రేకుల మీదుగానే పోతుంది. స్విచ్ కాడను వేలితో కొంచెం పైకి కిందికి నొక్కినప్పుడు లైటు ఆరి వెలుగుతుంటే లోపలి రేకులు కాలాయి. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటే స్విచ్ మార్చే పని మీరు పెట్టుకోవద్దు. ఎయిర్‌బ్యాగ్ లేని కారుకు కొత్త స్విచ్‌తోపాటు సిరామిక్ హోల్డర్లున్న రిలే కిట్ వేస్తే బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా నేరుగా బల్బుకు కరెంటు వెళ్తుంది, స్విచ్ మీద భారం పోతుంది. పాత కారుకు పెట్టే ఖర్చుల్లో ఇంతకంటే గిట్టుబాటైనది తక్కువ. కిట్ కొనేటప్పుడు మీ కారు స్విచ్ పాజిటివ్‌ను తెంపేదా నెగెటివ్‌నా అన్నది షాపులో చెప్పండి.

ఎలుకలు, నీళ్లు, ఎల్ఈడీలు

సెల్లార్‌లో నిలిపే కార్లకు ఎలుకల బెడద మామూలే. బోనెట్ కింద గింజల పొట్టు, దూది పీచు, నల్లటి రెట్టలు కనిపిస్తే హెడ్‌లైట్ వెనక వైర్ల కట్టను టార్చి వేసి పొడవునా చూడండి. పూర్తిగా తెగిన వైరైతే లైటే వెలగదు. పది పోగుల్లో ఏడు తెగి మూడు మిగిలిన వైరే కొట్టుకునేది, వేడెక్కేది. తొడుగు ఒలిచి ఉన్న రెండు వైర్లు ఒకదానికొకటి తగిలితే నిప్పు కూడా అంటుకోవచ్చు. కొరికిన చోటు కోసి అదే మందం వైరు ముక్క అతికి స్లీవ్ వేసి, పైన ముడతల గొట్టం తొడగండి.

లైటు అద్దం లోపల వాన తర్వాత పలుచటి ఆవిరి పట్టి, లైట్లు వేసిన అరగంటకు పోతే పర్వాలేదు. నీటి చుక్కలు కారుతూ కింద నీళ్లు నిలుస్తున్నాయంటే వెనక రబ్బరు మూత చిరిగిందో, సీలు పోయిందో. ఆ తేమే కప్లర్‌ను తినేస్తుంది.

హాలోజన్ చోట ఎల్ఈడీ బల్బు పెట్టాక కొట్టుకోవడం మొదలైందా? మళ్లీ పాత హాలోజన్ పెట్టి, పైన చెప్పిన వోల్టేజ్ పరీక్షలు చేయండి. హాలోజన్ ఫిలమెంటు వేడి వల్ల క్షణకాలపు తెగుడును కనపడనివ్వదు, ఎల్ఈడీ దాచకుండా చూపించేస్తుంది. అంటే ఆ వదులు జాయింటు ముందునుంచే ఉండి ఉండొచ్చు. వైరింగ్ బాగుంటే కారు కంప్యూటరు పంపే పల్స్‌లు కారణం కావచ్చు, దానికి ఆ పల్స్‌లను సర్దే క్యాన్‌బస్ డీకోడర్ వేస్తారు. పదిహేను నిమిషాలు వెలిగాక మాత్రమే కొట్టుకుంటుంటే బల్బు డ్రైవర్ వేడెక్కుతోంది, దానికి మందు లేదు. నిజానికి హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ పెడితే వెలుగు చెల్లాచెదురై ఎదుటివాడి కళ్లలో పడుతుంది. మంచి హాలోజన్‌కు తిరిగి వెళ్లడమే మా సలహా.

కంపెనీ ఎల్ఈడీ యూనిట్లు కంటికే కొట్టుకుంటుంటే బ్యాటరీ, ఎర్త్ వరకు మీరు చూసి, అక్కడ ఆపి వర్క్‌షాపుకు తీసుకెళ్లండి. హెచ్ఐడీ (జెనాన్) లైట్లకు కరెంటిచ్చే బాలాస్ట్ పెట్టెను అసలు విప్పొద్దు, వెలిగే క్షణంలో అందులో 20,000 వోల్టులకు పైగా పుడుతుంది.

పని అయ్యాక

లో బీమ్‌ను ఇరవై నిమిషాలు వెలగనిచ్చి, లైట్లు ఆపి వెంటనే కప్లర్‌ను, ఎర్త్ బోల్టును, ఫ్యూజును ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉండొచ్చు. వేలు పెట్టలేనంత కాలుతుంటే ఆ జాయింటు ఇంకా సరికాలేదు. బల్బు గానీ హోల్డరు గానీ తీసి పెట్టారు కాబట్టి ఫోకస్ కూడా చూడాలి. చదునైన చోట గోడకు 10 మీటర్ల దూరంలో కారు నిలిపి, లో బీమ్ పై అంచు ల్యాంప్ మధ్య ఎత్తు కంటే సుమారు 10 సెంటీమీటర్లు కింద పడుతోందో లేదో చూసి, పెట్టె వెనకున్న స్క్రూతో సరిచేయండి. బల్బు గాడిలో సరిగా కూర్చోకపోతే ఒక మచ్చ వంకరగా పడుతుంది, అప్పుడు స్క్రూ తిప్పకుండా బల్బే తీసి మళ్లీ పెట్టండి. వారం తర్వాత బ్యాటరీ టెర్మినల్స్, ఎర్త్ బోల్టు మళ్లీ ఒకసారి బిగువు చూసి, బల్బు దగ్గరి వోల్టేజ్ కొలిచి, ఆ అంకెను తేదీతో సహా సర్వీస్ బుక్‌లో రాసిపెట్టండి. వచ్చే జూన్‌లో మొదటి వానల తర్వాత మళ్లీ కొలిచినప్పుడు పోల్చుకోవడానికి పనికొస్తుంది.